దివాలా పిటిషన్లు పెరిగాయన్న వార్తను ఎలా చదవాలి, ఎలా రాయాలి

ఒక ప్రాంతంలో కర్మాగారాలు మూతపడి, వ్యాపారాలు మందగించి, జీతాలు ఆలస్యమవుతున్న కాలంలో, వ్యక్తిగత దివాలా పిటిషన్లు నిరుటి కంటే పదిహేను శాతమో ఇరవై శాతమో పెరిగాయన్న వార్త ఎప్పుడో ఒకప్పుడు తప్పకుండా కనిపిస్తుంది. రాసినవారూ చదివినవారూ దానికి ఒకే అర్థం చెప్పుకుంటారు: జనం అప్పుల్లో మునిగిపోతున్నారని. అది నిజమే కావచ్చు. కానీ పిటిషన్ల సంఖ్య జనం కష్టాన్ని నేరుగా కొలవదు. కష్టంలో ఉన్నవారిలో ఎందరు కోర్టు గడప దాటగలిగారన్నదే అది చెబుతుంది. గడప ఎత్తు పెంచితే కష్టం పెరుగుతున్నా సంఖ్య తగ్గుతుంది; గడప దించితే కష్టంలో మార్పేమీ లేకపోయినా సంఖ్య పెరుగుతుంది.

ఈ వ్యాసం స్థానిక విలేకరులకు, ఆర్థికశాస్త్రం చదువుకునేవారికి, అప్పుల్లో ఉన్నవారికి సలహాలిచ్చే సంస్థల్లో పనిచేసేవారికి ఉపయోగపడాలని రాసినది. దివాలా పిటిషన్ ఎలా వేయాలన్న సంగతి ఇందులో ఉండదు. వేసిన పిటిషన్ల లెక్క చేతికి వచ్చినప్పుడు దానిని ఎలా విప్పి చూడాలన్నదే ఇక్కడి విషయం.

లెక్కలోకి ఏమేమి వచ్చాయి

లెక్క చేతికి రాగానే శాతాన్ని కాసేపు పక్కన పెట్టి, లెక్కపెట్టినది దేనినో చూడాలి. వ్యక్తిగత దివాలా అన్న ఒక్క పేరు కింద చాలా దేశాల్లో రెండు మూడు వేర్వేరు ప్రక్రియలు నడుస్తుంటాయి. అమెరికాలో ప్రధానమైనవి రెండు; దివాలా చట్టంలోని చాప్టర్ల (అధ్యాయాల) పేర్లతోనే వాటిని పిలుస్తారు. చాప్టర్ 7 కింద వెళ్తే, చట్టం మినహాయించినది పోగా మిగిలిన ఆస్తి ఏదైనా ఉంటే కేసుకు నియమించిన ట్రస్టీ దానిని అమ్మి అప్పులవాళ్లకు, అంటే అప్పు ఇచ్చినవాళ్లకు, పంచుతాడు. తాకట్టు లేని అప్పుల్లో చాలా భాగం కొద్ది నెలల్లోనే రద్దవుతుంది. చాప్టర్ 13 కింద వెళ్తే, రుణగ్రస్తుడు ఆస్తిని తన దగ్గరే ఉంచుకొని, కోర్టు ఆమోదించిన ప్రణాళిక ప్రకారం మూడు నుంచి ఐదేళ్ల పాటు తన ఆదాయంలోంచి నెలనెలా కట్టుకుంటూ పోతాడు. ఇంగ్లండ్, వేల్స్‌లలో పూర్తిస్థాయి దివాలా ఒకటి, అప్పులవాళ్లతో కుదుర్చుకునే స్వచ్ఛంద ఒప్పందం ఒకటి, తక్కువ ఆస్తి, తక్కువ ఆదాయం ఉన్నవారి కోసం 2009 ఏప్రిల్‌లో వచ్చిన రుణ విముక్తి ఉత్తర్వు ఒకటి. కెనడాలో దివాలాతో పాటు వినియోగదారు ప్రతిపాదన అనే పద్ధతి ఉంది. అసలు మొత్తం కట్టలేను, ఇంత కడతానని రుణగ్రస్తుడు ముందుకు రావడమే ఆ ప్రతిపాదన. ఇప్పుడు అక్కడ దివాలాల కంటే ప్రతిపాదనలే చాలా ఎక్కువ.

ఈ తేడా మామూలుది కాదు. చాప్టర్ 13 పిటిషన్లు పెరుగుతున్నాయంటే, కాపాడుకోవలసిన ఇల్లో కారో, నెలనెలా వచ్చే జీతమో ఇంకా ఉన్నవాళ్లు కోర్టుకు వస్తున్నారని సాధారణంగా అనుకోవచ్చు. చాప్టర్ 7 పెరుగుతుందంటే, కాపాడుకోవడానికి పెద్దగా ఏమీ మిగలనివాళ్లు ఎక్కువవుతున్నారని అర్థం. ఇళ్ల వాయిదాలు తప్పిన ప్రాంతంలోనూ ఉద్యోగాలు పోయిన ప్రాంతంలోనూ మొత్తం పెరుగుదల ఒకేలా కనిపించవచ్చు, లోపలి పొందిక మాత్రం వేరుగా ఉంటుంది. అందుకని మొత్తం సంఖ్య ఒక్కటే ఇచ్చిన పత్రికా ప్రకటనతో సరిపెట్టుకోకుండా, విడివిడి లెక్కలున్న పట్టికను వెతికి పట్టుకోవాలి. అమెరికాలో ఫెడరల్ న్యాయస్థానాల పరిపాలనా కార్యాలయం జిల్లాల వారీగా, చాప్టర్ల వారీగా ప్రతి మూడు నెలలకూ పట్టికలు విడుదల చేస్తుంది. ఇంగ్లండ్, వేల్స్‌లకు ఇన్‌సాల్వెన్సీ సర్వీస్ నెలవారీ లెక్కలిస్తుంది.

లెక్కకు ప్రమాణం మనిషా, పిటిషనా అన్నది ఇంకో చిక్కు. అమెరికాలో భార్యాభర్తలు కలిసి ఒకే పిటిషన్ వేయవచ్చు, అది ఒక్క పిటిషన్‌గానే లెక్కకు వస్తుంది. దీనికి ఎదురుగా, చాప్టర్ 13 ప్రణాళికల్లో గణనీయమైన భాగం వాయిదాలు కట్టలేక మధ్యలోనే కొట్టివేతకు గురవుతాయి. అలా పోయినవారిలో కొందరు మళ్లీ పిటిషన్ వేస్తారు. ఒక మనిషి రెండు మూడు అంకెలుగా కనిపించడం, ఇద్దరు మనుషులు ఒక్క అంకెగా కనిపించడం ఒకే పట్టికలో జరుగుతుంటాయి. "ఇన్ని వేల మంది దివాలా తీశారు" అని రాసే ముందు ఈ సంగతి గుర్తుంచుకొని, "ఇన్ని పిటిషన్లు దాఖలయ్యాయి" అని రాయడం మేలు.

దేనితో పోల్చారు

వార్తల్లో పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఇక్కడే. శాతం ఎంతన్నదాని కంటే, ఏ ఏటితో పోల్చి ఆ శాతం తీశారన్నది ముఖ్యం.

అమెరికాలో దివాలా చట్టాన్ని కఠినతరం చేసే సవరణ 2005 ఏప్రిల్‌లో ఆమోదం పొంది, అదే ఏడాది అక్టోబరు 17 నుంచి అమల్లోకి వచ్చింది. ఆదాయాన్ని బట్టి చాప్టర్ 7 అర్హతను పరీక్షించడం, పిటిషన్‌కు ముందు రుణ సలహా తప్పనిసరి కావడం, పత్రాల భారం పెరిగి న్యాయవాదుల ఫీజులు పెరగడం అప్పటి మార్పులు. గడువు రాకముందే పని పూర్తిచేసుకోవాలని జనం కోర్టులకు పోటెత్తారు. ఆ ఏడాది వ్యక్తిగత పిటిషన్లు 20 లక్షలు దాటాయి. మరుసటి ఏడాది, 2006లో, అవి 6 లక్షల దగ్గరకు పడిపోయాయి. ఒక్క ఏడాదిలో అమెరికా కుటుంబాల అప్పులు మూడింట రెండు వంతులు తీరిపోలేదు కదా. తరువాత ఇళ్ల ధరలు కూలి, మాంద్యం వచ్చి, 2010లో వ్యక్తిగత పిటిషన్లు 15 లక్షలు దాటినప్పుడు, 2006తో పోల్చినవారికి అది రెండున్నర రెట్ల పెరుగుదలగానూ, 2005తో పోల్చినవారికి తగ్గుదలగానూ కనిపించింది. రెండు లెక్కలూ తప్పు కావు, ఏ ఒక్కటీ విడిగా చూస్తే సరిపోదు.

దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ 2020. ఆ ఏప్రిల్‌లో అమెరికాలో నిరుద్యోగిత 14 శాతం దాటింది. పిటిషన్లు ఉప్పెనలా వస్తాయని చాలామంది అంచనా వేశారు. వ్యాపార సంస్థలవీ కలిపి 2019లో సుమారు 7.7 లక్షలున్న పిటిషన్లు 2020లో సుమారు 5.4 లక్షలకు తగ్గాయి; 2022 నాటికి 3.9 లక్షలకు చేరాయి. ప్రభుత్వం నేరుగా డబ్బు పంచడం, నిరుద్యోగ భృతి పెంచడం, ఇంటి రుణాలకు, విద్యా రుణాలకు విరామమివ్వడం, కొన్నాళ్లు కోర్టులు సరిగా నడవక వసూలు దావాలు ఆగిపోవడం ఇందుకు కారణాలు. ఆ తరువాత 2023లో సుమారు 17 శాతం, 2024లో సుమారు 14 శాతం పెరుగుదల నమోదైంది. శీర్షికలకు అవి గొప్ప అంకెలు. కానీ రెండేళ్లు వరుసగా అలా పెరిగాక కూడా 2024 మొత్తం, సుమారు 5.2 లక్షలు, 2019 మొత్తం కంటే మూడో వంతు తక్కువ.

అందువల్ల ఏ ప్రాంతపు లెక్కనైనా నిరుటితో ఒక్కసారి పోల్చి ఊరుకోకూడదు. కనీసం పది పదిహేనేళ్ల వరుసను తీసుకొని, దాని మీద చట్టం, ఫీజు, అర్హత పరిమితి మారిన తేదీలను నిలువు గీతలుగా గీసుకోవాలి. ఇంగ్లండ్, వేల్స్‌ల పట్టికనే తీసుకుంటే, రుణ విముక్తి ఉత్తర్వుకు ఉన్న 90 పౌండ్ల ఫీజును 2024 ఏప్రిల్ 6న తీసేశారు; అప్పు మొత్తం మీద ఉన్న పరిమితిని అదే ఏడాది జూన్ 28న 30,000 పౌండ్ల నుంచి 50,000కు పెంచారు. తరువాతి నెలల్లో ఆ ఉత్తర్వులు ఎన్నడూ లేనంత సంఖ్యలో వచ్చాయి. పూర్తిస్థాయి దివాలా కోసం రుణగ్రస్తుడు స్వయంగా దరఖాస్తు చేసుకుంటే కట్టవలసినది 680 పౌండ్లు. ఇంత ఖర్చుతో కూడిన దారి పక్కనే ఉచిత దారి తెరుచుకున్నప్పుడు జనం దానివైపు మళ్లడాన్ని మాంద్యం ఖాతాలో వేయడం అన్యాయం. కెనడా పట్టికలో అలాంటి గీత 2009 సెప్టెంబరు దగ్గర పడాలి. ప్రతిపాదనకు అర్హమైన అప్పు పరిమితిని, ఉంటున్న ఇంటి తనఖా కాకుండా, 75,000 డాలర్ల నుంచి 2,50,000 డాలర్లకు అప్పుడే పెంచారు. ఆస్ట్రేలియాలో 2020 మార్చిలో, అప్పులవాళ్లు ఒకరిని దివాలాకు లాగడానికి ఉండవలసిన కనీస బకాయిని 5,000 డాలర్ల నుంచి 20,000కు తాత్కాలికంగా పెంచారు. 2021 జనవరి 1 నుంచి అది 10,000గా నిలిచింది. ఆ మధ్య తొమ్మిది నెలల తగ్గుదలను చూసి ప్రజల పరిస్థితి మెరుగైందని ఎవరైనా రాస్తే నవ్వుకోవడం తప్ప చేయగలిగింది లేదు.

నెలకూ నెలకూ పోల్చేటప్పుడు ఋతువుల ప్రభావం చూసుకోవాలి. అమెరికాలో వసంతకాలంలో పిటిషన్లు పెరగడం ఏటా జరిగేదే, ఎందుకంటే పన్ను వాపసు చేతికి వచ్చాక గానీ చాలామంది న్యాయవాది ఫీజు కట్టలేరు. మార్చిని జనవరితో కాక, నిరుటి మార్చితో పోల్చాలి.

కష్టానికీ పిటిషన్‌కూ మధ్య ఎంత కాలం

ఉద్యోగం పోయిన మర్నాడు ఎవరూ దివాలా పిటిషన్ వేయరు. ముందు పొదుపు కరుగుతుంది, తరువాత క్రెడిట్ కార్డు నిండుతుంది, చుట్టాల దగ్గర చేబదుళ్లు పుడతాయి, ఒక కార్డు బాకీ తీర్చడానికి ఇంకొక కార్డు గీకడం మొదలవుతుంది. ఇవన్నీ అయ్యాక వాయిదాలు తప్పుతాయి. వాయిదా తప్పిన కొన్ని నెలలకు బాకీ వసూలు ఏజెన్సీకి వెళ్తుంది, ఏజెన్సీ దావా వేస్తుంది, డిక్రీ వస్తుంది, బాకీ కింద జీతంలో కోత మొదలవుతుంది. చాలామందిని కోర్టుకు నడిపించేది అప్పు మొత్తం ఎంతన్నది కాదు, నెల జీతంలో కొంత చేతికి రాకుండానే పోవడం. అప్పటికే ఉద్యోగం పోయి ఏడాదో రెండేళ్లో గడిచిపోయి, చాలాసార్లు మునుపటి కంటే తక్కువ జీతానికి ఇంకొక ఉద్యోగం దొరికి ఉంటుంది. పాత బాకీవాళ్లు సరిగ్గా ఆ కొత్త జీతం మీదే పడతారు.

అందుకే పిటిషన్లు ఆర్థిక వ్యవస్థ వెనకాల నడుస్తాయి. అమెరికాలో మాంద్యం 2007 డిసెంబరులో మొదలై 2009 జూన్‌లో ముగిసిందని లెక్క. నిరుద్యోగిత 2009 అక్టోబరులో 10 శాతానికి చేరింది. పిటిషన్లు అత్యధిక స్థాయికి చేరినది 2010లో. కెనడాలోని ఆల్బర్టాలో 2014 మధ్య నుంచి చమురు ధర పడిపోతే, వ్యక్తిగత దివాలాలు, ప్రతిపాదనలు 2015, 2016లలో పెరుగుతూ పోయాయి. ఈ నెల పిటిషన్లను చూసి ఈ నెల పరిస్థితిని వర్ణించడమంటే, నిరుడో ముందటేడో జరిగినదానిని నేటి సంగతిగా చెప్పడమే. స్థానిక సంస్థలు సహాయ కార్యక్రమాలను ఈ సంఖ్య చూసి మొదలుపెడితే ఆలస్యమైనట్టే. ముందుగా చూడవలసినవి వేరే ఉన్నాయి: కార్డుల, వాహన రుణాల వాయిదాలు 90 రోజులు దాటి ఎంత శాతం తప్పుతున్నాయి, సివిల్ కోర్టుల్లో బాకీ వసూలు దావాలు ఎన్ని పడుతున్నాయి, రుణ సలహా కేంద్రాలకు ఎన్ని ఫోన్లు వస్తున్నాయి. అమెరికాకు సంబంధించి న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు మూడు నెలలకొకసారి విడుదల చేసే కుటుంబ రుణ నివేదికలో వాయిదాల సంగతీ, కొత్త దివాలా నమోదులూ పక్కపక్కనే దొరుకుతాయి కాబట్టి ఆ రెండు గీతల మధ్య దూరాన్ని కంటితోనే చూడవచ్చు.

ప్రాంతాన్ని ప్రాంతంతో పోల్చాలంటే

జనాభాతో భాగించాలన్నది అందరికీ తెలిసినదే, కానీ మొత్తం జనాభాతో కాక వయోజనుల సంఖ్యతో భాగించాలి. ఇంగ్లండ్, వేల్స్‌ల లెక్కలు పది వేలమంది వయోజనులకు ఇన్ని అనే ఇస్తాయి. అందులో ఈశాన్య ఇంగ్లండ్ ఏళ్ల తరబడి పై వరుసలో ఉంటూ వస్తోంది. అమెరికాలో టెనెసీ, అలబామా వంటి దక్షిణాది రాష్ట్రాల రేట్లు ఎక్కువ, అక్కడ చాప్టర్ 13 వాటా మరీ ఎక్కువ. దానిని ఆ రాష్ట్రాల పేదరికం ఒక్కదానితో వివరించలేం. జీతంలో ఎంత కోత పెట్టవచ్చో, ఎంత ఆస్తిని మినహాయించవచ్చో రాష్ట్ర చట్టాలను బట్టి మారుతుంది. దానితో పాటు స్థానిక న్యాయవాదుల అలవాటు కూడా పనిచేస్తుంది: చాప్టర్ 7లో న్యాయవాది ఫీజు సాధారణంగా ముందే కట్టాలి, చాప్టర్ 13లో దానిని వాయిదాల్లో కలిపేయవచ్చు. చేతిలో డబ్బు లేనివాడికి, ముందుగా ఏమీ అడగని న్యాయవాది దొరికిన ఊళ్లో, ఆ రెండో దారే దారి అవుతుంది. కాబట్టి రెండు ప్రాంతాల రేట్లను పక్కపక్కన పెట్టి ఫలానా చోట జనం ఎక్కువ కష్టాల్లో ఉన్నారని తేల్చడం కంటే, ఒక్కొక్క ప్రాంతాన్ని దాని గతంతోనే పోల్చి, ఏ ప్రాంతంలో మార్పు ఎక్కువగా ఉందో చూడడం సురక్షితం.

పిటిషన్ తెరిచి చూడండి

పట్టికలు చెప్పనిది పిటిషన్లు చెబుతాయి. ఇందుకు అమెరికాలో మంచి వెసులుబాటు ఉంది. అక్కడ ఫెడరల్ కోర్టుల ఎలక్ట్రానిక్ రికార్డుల వ్యవస్థ పేసర్‌లో ఎవరైనా ఖాతా తెరిచి, పేజీకి 10 సెంట్ల చొప్పున, ఒక పత్రానికి గరిష్ఠంగా 3 డాలర్లు కట్టి పిటిషన్లు చదువుకోవచ్చు. మూడు నెలల బిల్లు 30 డాలర్లు మించకపోతే ఆ మొత్తం కూడా అడగరు.

తెరిచాక సంతకం పేజీ దగ్గర ఆగకుండా షెడ్యూళ్లకు, అంటే ఆదాయం, అప్పుల వంటి వివరాలు రాసే జత పత్రాలకు, వెళ్లాలి. ఆదాయం రాసే ఐ షెడ్యూల్‌లో యజమాని పేరు, వృత్తి మాత్రమే కాక, అక్కడ ఎంత కాలంగా పనిచేస్తున్నారని కూడా అడుగుతారు. ఆ చిన్న గడిలో "నాలుగు నెలలు" అని కనిపిస్తే, అంతకుముందు ఒక ఉద్యోగం పోయిందేమోనని అనుమానించవచ్చు. అదే షెడ్యూల్ చివర, వచ్చే ఏడాదిలో ఆదాయం పెరుగుతుందని గానీ తగ్గుతుందని గానీ అనుకుంటున్నారా అన్న ప్రశ్న ఉంటుంది. ఓవర్‌టైమ్ ఆగిపోతుందనో, కాంట్రాక్టు ముగుస్తుందనో రాసేది అక్కడే. ఆర్థిక వ్యవహారాల వాంగ్మూలంలో ఈ ఏడాది ఆదాయంతో పాటు అంతకుముందు రెండేళ్ల ఆదాయమూ రాయాలి. ఆ మూడు అంకెలను వరుసగా చూస్తే ఆ ఇంట్లో ఏం జరిగిందో చాలావరకు తెలిసిపోతుంది. గత ఏడాదిలో ఎదుర్కొన్న దావాలు, జీతం కోతలు, వెనక్కి తీసుకుపోయిన వాహనాలు కూడా అందులోనే ఉంటాయి. తాకట్టు లేని అప్పుల షెడ్యూల్‌లో ఒక్కొక్క అప్పు ఎప్పుడు పుట్టిందో రాయడానికి చోటుంటుంది. ఆసుపత్రి బిల్లులు ఎక్కువా, కార్డులు ఎక్కువా, వ్యాపారం కోసం సొంత పేరు మీద తెచ్చిన రుణాలు ఎక్కువా అన్నది అక్కడ తేలుతుంది. బాకీలను చవకగా కొనుక్కొని వసూలు చేసుకునే సంస్థల పేర్లు వరుసగా కనిపిస్తే, ఆ అప్పులు ఈ మాంద్యంలో కాక అంతకు ముందే మొదలై ఉండవచ్చు.

మనసును కదిలించే కథ దొరికేదాకా వెతికి ఆ ఒక్కటే వాడుకోవడం సరైన పద్ధతి కాదు. ఒక నెల కేసు నంబర్లను వరుసగా రాసుకొని, ప్రతి ఇరవయ్యో నంబరునో ముప్ఫయ్యో నంబరునో ముందే నిర్ణయించుకొని, అలా వచ్చిన పిటిషన్లన్నీ చదవాలి. ఒక్కొక్కదాని నుంచి ప్రక్రియ, వృత్తి, ఉద్యోగ కాలం, మూడేళ్ల ఆదాయం, అతిపెద్ద అప్పు రకం, దావా ఉందా లేదా అన్నవి ఒక పట్టికలోకి ఎక్కించాలి. మాంద్యానికి ముందటి ఒక నెలను కూడా ఇలాగే చదివితే, ఏం మారిందో చెప్పడానికి ఆధారం దొరుకుతుంది. రికార్డులు బహిరంగమైనవైనా, పేర్లూ చిరునామాలూ ఆ పట్టికలోకి గానీ వ్యాసంలోకి గానీ ఎక్కించవలసిన అవసరం లేదు.

లెక్కలోకి రానివాళ్లు

పిటిషన్ వేయడానికీ డబ్బు కావాలి. అమెరికాలో కోర్టు ఫీజే చాప్టర్ 7కు 338 డాలర్లు, చాప్టర్ 13కు 313 డాలర్లు. న్యాయవాది ఖర్చు దానికి అదనం. ఆస్తీ జీతమూ ఏమీ లేనివాడి నుంచి అప్పులవాళ్లు రాబట్టుకోగలిగింది ఏమీ ఉండదు కాబట్టి, అతడికి పిటిషన్ అవసరమూ పెద్దగా కనిపించదు. అందుచేత అందరికంటే దిగువన ఉన్నవాళ్లు చాలామంది ఈ లెక్కలోకి రారు.

కొన్ని దేశాల్లో ఈ లెక్క దాదాపు దేనికీ ఆధారం కాదు. భారతదేశంలో 2016 నాటి దివాలా స్మృతిలో వ్యక్తులకు సంబంధించిన భాగం ఉన్నా, అది 2019 డిసెంబరు 1 నుంచి కంపెనీల రుణాలకు హామీ ఉన్న వ్యక్తులకు మాత్రమే అమల్లోకి వచ్చింది. మిగిలినవాళ్లకు 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టమో, ముంబై, కోల్‌కతా, చెన్నై నగరాల్లో 1909 నాటి చట్టమో దిక్కు. ఫలానా వ్యాపారి ఐపీ పెట్టాడని ఊళ్లో చెప్పుకోవడం ఆ పాత చట్టం కిందే. చిట్టీలు, ప్రాంసరీ నోట్లు, చేబదుళ్ల మీద నడిచే అప్పులు ఎక్కువగా పెద్దమనుషుల పంచాయితీలోనో, చెక్కు బౌన్సు కేసులోనో తేలుతాయి తప్ప దివాలా కోర్టు దాకా రావు. అక్కడ పిటిషన్లు తక్కువగా ఉన్నాయని అప్పుల బాధ తక్కువని రాయకూడదు.

రాసేటప్పుడు

మొదటి వాక్యంలో శాతం ఒక్కటే ఇవ్వకుండా, దాని వెనక ఉన్న రెండు సంఖ్యలనూ ఇవ్వండి. నెలకు 40 నుంచి 52కు పెరగడమూ 4,000 నుంచి 5,200కు పెరగడమూ శాతంలో ఒక్కటే. మొదటిది ఒక న్యాయవాది కొత్తగా కార్యాలయం తెరిచినా జరగవచ్చు. రెండవ వాక్యంలోనో మూడవ వాక్యంలోనో మాంద్యానికి ముందటి స్థాయి ఎంతో చెప్పండి. చట్టమో ఫీజో మారి ఉంటే దానిని చివరి పేరాకు నెట్టకుండా పైనే చెప్పండి. కారణం రాయవలసి వస్తే, చదివిన పిటిషన్లు ఎన్ని, వాటిలో ఆ కారణం కనబడినవి ఎన్ని అన్నది స్పష్టంగా రాయండి. న్యాయవాదుల మాట తీసుకోవచ్చు, కానీ వాళ్ల దగ్గరకు వచ్చేవాళ్లనే వాళ్లు చూస్తారని మరచిపోకుండా, రుణ సలహా కేంద్రంలో పనిచేసేవారినీ దివాలా ట్రస్టీనీ కూడా అడగండి.

వార్త అచ్చయ్యాక ఆ పట్టికను పారేయవద్దు. ఏడాది తరువాత అవే కేసు నంబర్లను మళ్లీ తెరిస్తే, ఎన్నింటిలో అప్పు రద్దయింది, ఎన్ని ప్రణాళికలు వాయిదాలు కట్టలేక కొట్టివేతకు గురయ్యాయి, ఎందరు రెండోసారి కోర్టుకు వచ్చారు అన్నది కనిపిస్తుంది. తరువాత రాయవలసిన వార్త అదే.